బడి కొత్త భవనానికి మారుతోంది: ప్లాన్‌లో లైబ్రరీ, పుస్తకాల తరలింపు, పఠన వారోత్సవం

నాలుగోతరగతి_నాన్న
బడి నుంచి సర్క్యులర్ వచ్చింది. రెండేళ్లలో కొత్త భవనంలోకి మారతారట. పునాది పని ఇంకా మొదలవలేదు, ప్లాన్ మాత్రం జతచేశారు. అదే కాగితం కింద "ఈ ఏడాది నుంచి పఠన వారోత్సవం ఘనంగా జరుపుతాం" అని రాశారు. ప్లాన్ చూస్తే లైబ్రరీ మూడో అంతస్తులో, వరండా చివర, 40 చదరపు మీటర్లు. రిజిస్టర్ లెక్కన పుస్తకాలు 4,600. ఒక్కో సెక్షన్‌కి 35 మంది పిల్లలు. చదవడాన్ని పండగ చేస్తామంటూ చదువుకునే గదిని మూలకి నెట్టడం నాకు మింగుడు పడటం లేదు. తల్లిదండ్రుల సమావేశంలో అభిప్రాయాలు చెప్పమన్నారు. ఏమడగాలి? పుస్తకాలు తరలించేటప్పుడు ఏం చూసుకోవాలి?

బెంచీ_చివర
ప్లాన్ కాగితం మీద ఉండగానే అడగండి. గోడలు లేచాక అడిగితే "ఇప్పుడేం చేయలేం" అనే మాట తప్ప ఏమీ రాదు.

శ్లాబు_లెక్క
మొదట అడగాల్సింది బరువు గురించి. చాలా దేశాల భవన నిర్మాణ కోడ్‌లలో తరగతి గది శ్లాబుని చదరపు మీటరుకి 2 నుంచి 3 కిలోన్యూటన్ల భారానికి డిజైన్ చేస్తారు, అంటే సుమారు 200 నుంచి 300 కిలోలు. పుస్తకాల ర్యాకులతో నిండే స్టాక్ గదికి 6 నుంచి 7 కిలోన్యూటన్లు తీసుకుంటారు. రెట్టింపు పైమాటే. తరగతి గదిగా గీసిన దానికి తర్వాత "లైబ్రరీ" అని బోర్డు తగిలిస్తే వచ్చే చిక్కు ఇదే.

లెక్క ఇలా చూడండి. 90 సెంటీమీటర్ల అర నిండా పుస్తకాలు పెడితే 25 నుంచి 28 కిలోలు వస్తుంది. ఏడు అరల ఎత్తున్న, రెండు వైపులా పుస్తకాలు పట్టే ర్యాకులో 14 అరలు ఉంటాయి, 28 కిలోల చొప్పున 392 కిలోలు. స్టీలు ర్యాకు బరువు 80 కిలోలు కలిపితే 470 దాటుతుంది. ర్యాకు వెడల్పు 60 సెం.మీ., పక్కన నడిచే దారి 90 సెం.మీ. అనుకుంటే దాని వంతుకి వచ్చే నేల 1.35 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 350 కిలోలు పడ్డట్టే. మనుషుల బరువు ఇంకా కలపలేదు.

అదే నాలుగు అరల పొట్టి ర్యాకు తీసుకోండి. రెండు వైపులా కలిపి 8 అరలు, 28 కిలోల చొప్పున 224, ర్యాకు 50. చదరపు మీటరుకి 203 కిలోలే. ర్యాకు ఎత్తు తగ్గిస్తే శ్లాబు మీద భారం ఎంత తేలికవుతుందో చూడండి. కాబట్టి సమావేశంలో "లైబ్రరీ గదికి లైవ్ లోడ్ (మనుషులూ సామానూ మోపే భారం) ఎంత తీసుకున్నారు?" అని అడిగి, జవాబు డ్రాయింగ్ మీద రాయించండి. నోటిమాట చాలదు.

పుస్తకాలపురుగు
పై పోస్టులో చెప్పిన పొట్టి ర్యాకులే పిల్లలకీ కావాలి. ప్రాథమిక తరగతుల వాళ్లకి 120 సెం.మీ. కంటే ఎత్తులో ఉన్న పుస్తకం లేనట్టే లెక్క. స్టూలు ఎక్కి తీయబోయి పడతారు, లేదా అసలు అటు చూడరు.

అరల_సర్దుబాటు
40 చదరపు మీటర్లు సరిపోవు. ఎందుకో అంకెల్లో చెప్తాను, సమావేశంలో అలాగే చెప్పండి.

4,600లో చిరిగినవీ, కాలం చెల్లినవీ తీసేస్తే 4,000 మిగులుతాయనుకుందాం. అందులో పల్చటి బొమ్మల పుస్తకాలు 1,000. మీటరుకి 80 చొప్పున 12.5 మీటర్ల అర చాలు. మిగతా 3,000 మీటరుకి 40 చొప్పున 75 మీటర్లు. మొత్తం 87.5. అయితే అరని ఎప్పుడూ నాలుగింట మూడు వంతులే నింపాలి. కిక్కిరిస్తే పిల్లలు పుస్తకాన్ని పైఅంచు పట్టుకుని లాగుతారు, అట్ట వెన్ను ఊడిపోతుంది. కొత్తవి వచ్చినప్పుడు వరసంతా జరపాల్సి వస్తుంది. అందుకని 87.5ని 0.75తో భాగించండి, దాదాపు 117 మీటర్లు. 90 సెం.మీ. అరలు 130 కావాలి. ఎనిమిది అరల పొట్టి ర్యాకులు 16 లేదా 17. దారితో కలిపి 22, 23 చదరపు మీటర్లు వాటికే పోతుంది.

40లో మిగిలేది 17. అందులో లైబ్రేరియన్ బల్ల తీసేస్తే 35 మంది పిల్లలు ఎక్కడ కూర్చుంటారు? నిలబడి పుస్తకం మార్చుకుని పోవడమే. 80 చదరపు మీటర్లు అడగండి, 70కి తగ్గనివ్వకండి.

బెంచీ_చివర
"గది చిన్నది" అంటే "సర్దుకోండి" అంటారు. "అరలకి 23 పోగా పిల్లలకి 17" అంటే లెక్క చూడక తప్పదు. ఇది ప్రింటు తీసి పట్టుకెళ్లండి.

గోడపత్రిక
వేరే మాట. ఇంత గది దేనికి? తరగతికో పుస్తకాల మూల పెట్టి, మిగతావి ట్యాబుల్లో చదివిస్తే సరిపోదా? కొత్తగా కట్టే కొన్ని బళ్లు అదే దారిలో వెళ్తున్నాయి.

పుస్తకాలపురుగు
@గోడపత్రిక తరగతి మూల ఉండాల్సిందే, కాదనను. కానీ 40, 50 పుస్తకాల మూల నెల తిరక్కుండానే పాతబడిపోతుంది. మధ్యలో పెద్ద లైబ్రరీ ఉండి, అక్కడి నుంచి పెట్టెలు నెలనెలా తరగతులకి తిరుగుతుంటేనే ఆ మూల బతికి ఉంటుంది. ఇక ట్యాబులో పిల్లవాడు పేరు తెలిసిన పుస్తకాన్నే వెతుక్కుంటాడు. అర ముందు నిలబడితే వెతకనిది కూడా దొరుకుతుంది.

చోటు సంగతి ఇంకో మాట. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది "పుస్తకాలు వాడుక కోసమే". పుస్తకాలు వాడాలంటే లైబ్రరీ దారిలో ఉండాలి. బడి గేటుకీ తరగతులకీ మధ్య, కింది అంతస్తులో ఉంటే పిల్లలు రోజుకి నాలుగుసార్లు దాని ముందు నుంచి నడుస్తారు. మూడో అంతస్తు చివరైతే పీరియడ్ ఉన్నప్పుడే వెళ్తారు. ఐదో సూత్రం "గ్రంథాలయం ఎదిగే జీవి". అరల్లో పావు వంతు ఖాళీ ఉంచమని పైన చెప్పినది దానికి సరిపోతుంది.

గోడపత్రిక
సరే, తిరిగే పెట్టెల మాట బాగుంది. అది తట్టలేదు. కానీ కింది అంతస్తు అంటే చెమ్మ, చెదలు వస్తాయి కదా?

తెల్లచీమ
వస్తాయి. చదువు మీద వాటికున్నంత శ్రద్ధ ఎవరికీ లేదు. :)
పునాది ఇంకా పడలేదన్నారు కాబట్టి ఇప్పుడే అడగాల్సింది ఒకటుంది: పునాది గుంటల్లో, నేల చదును చేశాక కాంక్రీటు వేసేముందు మట్టికి చెదల మందు కొట్టించడం. కట్టడానికి ముందు చేస్తే మట్టి మొత్తానికి పడుతుంది. తర్వాత చేయాలంటే గచ్చుకి చిల్లులు పెట్టి ఎక్కించాలి, అది ఎప్పుడూ అరకొరే. ఇంకా:
అడుగు అర నేలకి కనీసం 10 సెం.మీ. పైన ఉండాలి, తడిగుడ్డ పెట్టినా నీళ్లు తగలకుండా.
బయటి గోడకి ర్యాకు ఆనించొద్దు. 5 సెం.మీ. ఖాళీ వదలండి, గాలి ఆడుతుంది. మరి ర్యాకు తూలకుండా ఎలా అంటే, పైన క్లాంపుతో గోడకి బిగించాలి. ఖాళీ ఉంచడమూ బిగించడమూ రెండూ చేయాలి.
లైబ్రరీ పైన గానీ పక్కన గానీ టాయిలెట్లు, నీళ్ల ట్యాంకు ఉండకూడదు. ప్లాన్‌లో ఇది ఒక్క నిమిషంలో చూడొచ్చు.

నాలుగోతరగతి_నాన్న
చూశాను. కింద మధ్యలో "బహుళ ప్రయోజన గది" అని 85 చదరపు మీటర్లది ఉంది. దాని పైన టాయిలెట్లు లేవు. లైబ్రరీని అక్కడికి మార్చమని అడగొచ్చా?

శ్లాబు_లెక్క
అడగండి. కింది గచ్చు నేల మీదే ఆనుతుంది కాబట్టి భారం సమస్య చాలావరకు పోతుంది. ర్యాకుల కింద మట్టి బాగా దిమ్మిస కొట్టారా లేదా అన్నదే చూసుకోవాలి. ఒక్కటి: ఆ గదిని పరీక్షలకీ మీటింగులకీ కూడా వాడతామంటే ఒప్పుకోవద్దు. వాడుక పెరిగేకొద్దీ ర్యాకులు ఒక్కొక్కటే బయటికి నడుస్తాయి.

చక్రాల_కుర్చీ
దారి 90 సెం.మీ. అన్నారు, అది కనీసం మాత్రమే. చక్రాల కుర్చీ వెనక్కి తిరగాలంటే ర్యాకుల వరస చివర 150 సెం.మీ. ఖాళీ కావాలి. పుస్తకాలిచ్చే ఇష్యూ బల్లలో ఒక భాగం కిందికి ఉండాలి, కుర్చీలో ఉన్న పిల్లకి కూడా లైబ్రేరియన్ ముఖం కనపడేలా. గుమ్మంలో గడప వద్దు. పుస్తకాల ట్రాలీకి కూడా అదే మేలు.

గాజుకిటికీ
కిటికీలు ఎటున్నాయో చూడండి. నేరుగా ఎండ పడే గోడకి పుస్తకాలు పెడితే అట్టల రంగు వెలుస్తుంది, ముందు ఎరుపు, పసుపు పోతాయి. చదివే బల్లల దగ్గర 300 నుంచి 500 లక్స్ వెలుతురు చాలు. లైట్లు ర్యాకులకి అడ్డంగా కాకుండా దారి పొడవునా రావాలి. లేకపోతే అడుగు అర చీకట్లో పడుతుంది, బొమ్మల పుస్తకాలుండేది అక్కడే.

పెట్టెకట్టు
ఇక తరలింపు. ఇక్కడ జరిగే పొరపాటు దాదాపు ప్రతిచోటా ఒకటే: పెద్ద పెట్టెలు తేవడం. ఫ్రిజ్ అట్టపెట్టెలో పుస్తకాలు నింపితే ఎత్తేవాడు ఉండడు, ఎత్తినా అడుగు ఊడిపోతుంది. చిన్న పెట్టెలే, 40 × 30 × 25 సెం.మీ. దగ్గరవి. ఒక్కోటి 12 నుంచి 15 కిలోలకి మించకూడదు. మామూలు పుస్తకాలు 30 పడతాయి. 4,000కి 135 పెట్టెలు, చిరిగేవి ఉంటాయి కాబట్టి 150 సిద్ధం చేయండి. అడుగున టేపు నిలువుగా రెండు వరసలు, అడ్డంగా ఒకటి.

పుస్తకాలు పడుకోబెట్టి పేర్చాలి, లేదా వెన్ను కిందికి పెట్టి నిలబెట్టాలి. వెన్ను పైకీ తెరుచుకునే అంచు కిందికీ పెడితే కాగితాల బరువంతా వేలాడి కుట్టు వదులవుతుంది. ఖాళీలుంటే కాగితం ఉండలు కుక్కండి.

పెట్టె మీద "కథలు" అని రాస్తే లాభం లేదు. అది వెళ్లి చేరాల్సిన అర చిరునామా రాయాలి: ర్యాకు 7, వైపు బి, అర 3, పెట్టె 52/135. రెండు పక్కలా రాయాలి, మూత మీద కాదు. ఒకదాని మీద ఒకటి పేర్చాక మూత కనపడదు. ముందు కొత్త గది గీత గీసుకుని ర్యాకులకి నంబర్లు వేస్తేనే ఇది కుదురుతుంది. చివరగా ఎక్కించిన పెట్టె ముందు దిగుతుంది కాబట్టి లారీలోకి నంబర్లు వెనక నుంచి ముందుకి ఎక్కించండి.

యాక్సెషన్_రిజిస్టర్
రిజిస్టర్ లారీ ఎక్కకూడదు. లైబ్రేరియన్ చేతిలోనే వెళ్లాలి. ముందే పేజీపేజీ ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. కంప్యూటర్లో కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే డేటాబేస్ బ్యాకప్ తీసి, ఒకసారి వేరే యంత్రంలో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే. గది కోడ్ మారితే 4,000 పుస్తకాలకీ ఒక్కొక్కటిగా మార్చక్కర్లేదు, బ్యాచ్ ఐటమ్ మాడిఫికేషన్‌లో బార్‌కోడ్ల జాబితా ఇస్తే మొత్తం ఒకేసారి మారుతుంది.

స్టాక్ వెరిఫికేషన్, అంటే రిజిస్టర్‌తో పుస్తకాలు సరిచూడటం, పెట్టెలు కట్టే ముందే చేయాలి. దిగాక చేస్తే, పోయిన పుస్తకం పాత బడిలోనే పోయిందో దారిలో పోయిందో తేలదు.

బూజుదులుపు
దీనికి ముందు ఇంకో పని: ఏరివేత. రిజిస్టర్ లెక్క 4,600 అన్నారు, కదిలించేది అందులో ఎంత? తప్పు సమాచారం ఉన్నవి (ప్లూటోని తొమ్మిదో గ్రహంగా చెప్పేవి 2006లోనే పాతబడ్డాయి), పేజీలు పోయినవి, ఐదారు ప్రతులున్నా ఎవరూ తీయనివి పక్కన పెట్టండి. బూజు పట్టినవి, పురుగు కనపడినవి మిగతావాటితో కలిపి పెట్టెలో పెట్టొద్దు. పురుగు ఉన్న మంచి పుస్తకమైతే గాలి చొరని కవర్లో మూసి మైనస్ 18, 20 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. తీశాక కవరు వెంటనే విప్పొద్దు. గది వేడికి వచ్చేదాకా ఒక రోజు ఆగాలి, లేకపోతే తేమ పుస్తకం మీద పేరుకుంటుంది. నాఫ్తలీన్ ఉండలు పిల్లల గదిలో వద్దే వద్దు.

పాతకాగితం
@బూజుదులుపు ఎవరూ తీయనివన్నీ తీసేయడం నాకు నచ్చలేదు. ఊరి చరిత్ర, పాత పత్రికల బైండులు, బడి సావనీర్లు ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు. అవి పోతే మళ్లీ దొరకవు. అరలో కనపడక కూడా కొన్ని కదలవు. ముందు ఒక నెల వాటిని అట్ట కనపడేలా బల్ల మీద పెట్టి చూడండి. అప్పటికీ కదలకపోతే ఆలోచించొచ్చు.

బూజుదులుపు
ఒప్పుకుంటాను. బడికి సంబంధించినవీ మరో ప్రతి దొరకనివీ ఏరివేత జాబితాలోకి రాకూడదు. మిగతావాటికి మీరన్న బల్ల పరీక్ష పెట్టొచ్చు.

పుస్తకాలపురుగు
ఇప్పుడు అసలు సంగతి. తరలింపునీ పఠన వారోత్సవాన్నీ వేరువేరుగా ఎందుకు చూస్తున్నారు? తరలింపునే పండగ చేయొచ్చు. లాత్వియా రాజధాని రీగాలో 2014 జనవరి 18న జాతీయ గ్రంథాలయం కొత్త భవనానికి మారుతుంటే, చలిలో దాదాపు 14,000 మంది సుమారు 2 కిలోమీటర్ల పొడవున వరసగా నిలబడి చేతులు మారుస్తూ పుస్తకాలు అందించారు. 2018లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఒక పుస్తకాల దుకాణం వీధిలో అవతలికి మారినప్పుడు 200 మందికి పైగా నిలబడి 2,000 పుస్తకాలు చేరవేశారు. పిల్లలకి ఇంతకంటే పండగ ఏముంది?

శ్లాబు_లెక్క
పాత బడికీ కొత్త బడికీ దూరం ఎంత? మనిషికి మీటరు చొప్పున వేసుకోండి. 300 మీటర్లకి 300 మంది. కిలోమీటరు దాటితే చిన్న బడికి కుదరదు.

పెట్టెకట్టు
ఇలా మనుషుల గొలుసు కట్టడం మంచిదే, కానీ మొత్తం 4,000 పుస్తకాలూ అలా పంపుతామంటే వద్దంటాను. ఒక్కో పుస్తకానికి 4 సెకన్లు అనుకుంటే గంటకి 900. నాలుగున్నర గంటలు పిల్లల్ని నిలబెట్టలేం. 300 మంది గొలుసులో మొదటి పుస్తకం చివరికి చేరడానికే 20 నిమిషాలు పడుతుంది. 40 నిమిషాల కార్యక్రమం పెట్టుకుంటే 300 పుస్తకాలు చేరతాయి. చాలు. రీగాలో కూడా లక్షల పుస్తకాలు అలా వెళ్లలేదు. మిగతావి పెట్టెల్లోనే వెళ్లాలి.

చెడిపోయేది ఎక్కడంటే వేగం తేడాలో. ఒకటో తరగతి పిల్లల తర్వాత తొమ్మిదో తరగతి వాళ్లని పెడితే చిన్నవాళ్ల దగ్గర పేరుకుపోతాయి. చిన్నా పెద్దా ఒకరి తర్వాత ఒకరిని కలిపి నిలబెట్టండి, ప్రతి 20 మందికి ఒక టీచరు. మెట్ల మీద పెద్దవాళ్లే. రోడ్డు దాటే చోట గొలుసు తెంపి, ట్రాలీలో దాటించి, అవతల మళ్లీ మొదలుపెట్టాలి. నిఘంటువులు, ఎన్‌సైక్లోపీడియాలు గొలుసులో వద్దు. నేల మీద అక్కడక్కడ బుట్టలుంచండి, చేయి జారితే మట్టిలో పడకుండా.

యాక్సెషన్_రిజిస్టర్
గొలుసుకి ఒక మేలుంది, ఎవరూ చెప్పలేదు. బయల్దేరిన వరసలోనే చేరతాయి. అటు చివర ఒకరు స్కానర్ పట్టుకుని కూర్చుంటే అరలోకి పెడుతూనే లెక్క అయిపోతుంది.

నాలుగోతరగతి_నాన్న
దూరం 600 మీటర్లు. మొత్తం బడి 450 మంది, తల్లిదండ్రులతో కలిపితే సరిపోతుంది. మిగతా పుస్తకాలు ఆ మధ్యలో ఎన్ని రోజులు మూసి ఉంటాయి?

అరల_సర్దుబాటు
600 మందికి 4 సెకన్లంటే మొదటి పుస్తకానికే 40 నిమిషాలు. మొదటి 350 మీటర్లు ట్రాలీ, చివరి 250 మీటర్లు గొలుసు పెట్టుకోండి.

మూసి ఉంచే రోజులు తగ్గించే దారి: సెలవులకి ముందు పిల్లలందరికీ తలా ఐదు పుస్తకాలు ఇంటికి ఇచ్చేయండి, తిరిగి ఇవ్వాల్సింది కొత్త లైబ్రరీలో అని చెప్పి. 450 మంది అంటే 2,250 పుస్తకాలు పెట్టె ఎక్కనక్కర్లేదు, పెట్టెలు 60, 65 చాలు. సెలవులంతా పుస్తకాలు పిల్లల దగ్గరే ఉంటాయి.

బూజుదులుపు
తిరిగి రానివెన్నో?

అరల_సర్దుబాటు
కొన్ని రావు. అందుకే అరుదైనవి ఇవ్వకూడదు, పుస్తకాలు పెట్టిచ్చే సంచి మీద ఐదు నంబర్లూ రాసిన చీటీ కుట్టాలి, జరిమానా పెట్టకూడదు. జరిమానా ఉంటే ఆలస్యమైన పుస్తకం అసలు రాకుండానే పోతుంది. పెట్టెలో మూసి ఉంచిన వాటికంటే చదివి పోయినవి మేలని నా అభిప్రాయం.

తెల్లచీమ
తొందరపడి కొత్త గదిలోకి మాత్రం దింపకండి. కొత్త కాంక్రీటు, ప్లాస్టరు నెలల తరబడి తేమ వదులుతాయి. గోడ ఆరినట్టు కనపడుతుంది, లోపల ఆరదు. గాలిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ గదిలో పెట్టి, కిటికీలు మూసిన ఉదయం పూట చూడండి. రెండు వారాలు వరసగా 60 శాతం లోపు ఉంటేనే పుస్తకాలు రావాలి. 65, 70 దాటితే బూజు ఖాయం. రంగు, ప్లైవుడ్ వాసన పోయేదాకా పిల్లల్ని కూడా కూర్చోబెట్టొద్దు, కిటికీలు తెరిచి ఉంచండి. భవనంలోకి చివరగా దిగాల్సినవి పుస్తకాలే.

గోడపత్రిక
వారోత్సవం ఎప్పుడు పెట్టుకుంటే బాగుంటుంది? ఏప్రిల్ 2 అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం, 1967 నుంచి జరుపుతున్నారు. ఏప్రిల్ 23ని యునెస్కో 1995లో పుస్తక దినోత్సవంగా ప్రకటించింది. సెప్టెంబర్ 8 అక్షరాస్యతా దినోత్సవం. "ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకి బహుమతి" పెడితే పిల్లలు ఎగబడతారు.

పుస్తకాలపురుగు
తేదీ ఏదైనా సరే, బహుమతి వద్దు. సంఖ్యకి బహుమతి పెడితే పిల్లలు పల్చటి పుస్తకాలే ఏరుకుంటారు. తాపీగా చదివే పిల్ల మొదటి రోజే ఓడిపోయినట్టు అనుకుంటుంది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, బొమ్మలు గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు ఆ తర్వాత ఖాళీ సమయంలో మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే గీశారు. ఇష్టంగా చేసే పని బేరంగా మారుతుంది.

బదులుగా: రోజూ ఒకే గంటకి 20 నిమిషాలు బడంతా చదవాలి. ప్రిన్సిపాల్, గుమస్తా, వాచ్‌మన్, అందరూ. గేటు దగ్గర కుర్చీలో వాచ్‌మన్ పేజీ తిప్పుతూ కనపడితే పదిసార్లు ఉపన్యాసం చెప్పినదానికంటే ఎక్కువ. పెద్ద తరగతి పిల్లలు చిన్నవాళ్లకి బిగ్గరగా చదవాలి. ఏ పుస్తకం చదవాలో రెండు రోజుల ముందే ఎంచుకుని ఇంట్లో ఒకసారి సాధన చేయాలి, లేకపోతే తడబడి ఇద్దరికీ విసుగొస్తుంది. ఇంకొకటి, అరల పేర్లు పిల్లలతో రాయించండి. లైబ్రరీ వర్గీకరణలో పక్షులకి ఇచ్చే "598" అన్న నంబరు పక్కనే పిల్ల గీసిన పక్షి బొమ్మ ఉంటే, ఒకటో తరగతి వాడు కూడా పక్షుల అర కనుక్కుంటాడు.

చక్రాల_కుర్చీ
ఆ బొమ్మల చీటీలు నేలకి 60 నుంచి 90 సెం.మీ. ఎత్తులో అతికించండి. పెద్దల కళ్ల ఎత్తులో కాదు.

నాలుగోతరగతి_నాన్న
సమావేశానికి రెండు కాగితాలు తీసుకెళ్తున్నాను: అరల లెక్క ఒకటి, కింది గదికి మార్పు కోరుతూ ఒకటి. చెదల మందు, లైవ్ లోడ్ రెండూ రాతలో అడుగుతాను. గొలుసు మాట పిల్లలకి ఇప్పుడే చెప్పను, ఖాయమయ్యాక చెప్తా. ఒక సందేహం మిగిలింది. పాత ర్యాకులు తీసుకెళ్లాలా, కొత్తవి కొనమనాలా?

పెట్టెకట్టు
90 సెం.మీ. కంటే పొడవున్న చెక్క అరలైతే మధ్యలో కుంగి ఉంటాయి. ఒక చివర నుంచి కన్ను ఆనించి చూడండి, వంపు కనపడితే వదిలేయండి. స్టీలువైతే విప్పి, బోల్టులు ఆ ర్యాకు నంబరు రాసిన కవర్లో వేసి, దాని నిలువు కడ్డీకే కట్టండి. అన్ని ర్యాకుల బోల్టులూ ఒకే డబ్బాలో పోస్తే బిగించే రోజు సగం పూట వెతుకులాటే.